తెర ఆపేసి నేర్చుకున్న కంప్యూటర్

నాకు ఆరేళ్లప్పుడు తట్టు పోసింది. జ్వరం తగ్గేసరికి చూపు పోయింది. కళ్లుండగా చూసినవాటిలో ఇప్పటికీ బాగా గుర్తున్నది ఒక్కటే: వర్ధన్నపేటలో మా ఇంటి ముందు గదిలో అబ్బ దూది ఏకుతుంటే గాలిలోకి లేచే తెల్లటి నూగు. నాన్నను మేం అబ్బ అనేవాళ్లం. ఆయన పరుపులు కుట్టేవాడు. మేం ముస్లింలమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజు అరబ్బీలో, తిట్లు ఉర్దూలో, మిగతా బతుకంతా తెలుగులో నడిచేది.

వరంగల్ కంటి దవాఖానలో డాక్టరు ఇంక చూపు రాదని చెప్పేశాడు. అబ్బ నన్ను భుజాన వేసుకుని వరండాలో నిలబడి ఉంటే ఒక నర్సమ్మ వచ్చి, చూపులేని పిల్లలకు ఈ ఊళ్లోనే బడి ఉందని, ఉండటం తినటం అక్కడేనని చెప్పింది. నెల తర్వాత అబ్బ నన్ను ఆ బడిలో దింపి, "ఆదివారం వస్త బిడ్డా" అని వెళ్లిపోయాడు. ఆదివారం వచ్చాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ తప్పలేదు. అయినా నేను మొదటి నెలంతా ఏడ్చాను.

ఏడుపు ఆగింది లెక్కల క్లాసులో. మా లెక్కల సార్‌కి కూడా చూపు లేదు. ఆయన దగ్గరికి వస్తే నశ్యం వాసన వచ్చేది. నా ఒళ్లో ఒక బరువైన రేకు పలక పెట్టాడు. దాని నిండా వరుసగా గుంటలు. ఒక్కో గుంటను గోటితో తడిమితే లోపల ఎనిమిది మూలలు తెలిసేవి. పక్కన డబ్బా నిండా చిన్న చిన్న సీసం ముక్కలు. ముక్కకు ఒక చివర అంచు మీద చిన్న గట్టు ఉంటుంది. ఆ గట్టు పైకి తగిలేలా ముక్కను గుంటలో నిలబెడితే ఒక అంకె. కొంచెం తిప్పి నిలబెడితే ఇంకో అంకె. అలా ఎనిమిది దిక్కులకు ఎనిమిది అంకెలు. ముక్కను తలకిందులు చేస్తే గట్టుకు బదులు రెండు మొనలు తగిలేవి. మిగిలిన అంకెలు, కూడిక, తీసివేత గుర్తులు అటు చివరివి.

"అంకె అంటే గీత అనుకున్నవా?" అన్నాడు సార్. "కాదు. అది ఏ దిక్కు చూస్తాందో గదే దాని పేరు. చూడు, ఇది తలుపు దిక్కు చూస్తాంది. ఇదేమో నీ దిక్కు."

చూడు అనే అన్నాడు. మా బడిలో అందరం ఆ మాటే వాడేవాళ్లం.

ఆ పలక మీద ఒక గుణకారం చెయ్యడానికి అరగంట పట్టేది. వేలితో ముక్క తీయాలి, ఏ చివరో తడమాలి, తిప్పాలి, నిలబెట్టాలి. వరుస తప్పితే మళ్లీ మొదటినుంచి. ఎవరి మోచెయ్యో తగిలి పలక బోర్లాపడిందంటే లెక్క పోయినట్టే. క్లాసంతా నేల మీద పాక్కుంటూ సీసం ముక్కలు ఏరుకునేవాళ్లం. సార్ కూడా మాతో పాటు పాకేవాడు. ఒకరి తలకు ఒకరి తల తగిలితే నవ్వులు. సాయంత్రం చేతులు కడుక్కోకుండా అన్నం తింటే సార్ ఊరుకునేవాడు కాదు. సీసం మంచిది కాదని ఆయనకు తెలుసు.

నాకు ఆ పలక ఎందుకంత నచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే తోచేది ఒకటే. చూపు పోయాక నా చుట్టూ ప్రతీదీ ఎవరో ఒకరు చెబితేనే తెలిసేది. వాన మబ్బు పట్టిందా, చీర ఏ రంగు, కూరలో పురుగుందా, అన్నీ. కానీ పలక మీది జవాబు నా వేలికి నేరుగా తెలిసేది. అది తప్పైతే నా తప్పు, ఒప్పైతే నా ఒప్పు. సెలవులకు ఇంటికి పోతే అబ్బతో జేనలు కొలిపించి, ఇంత పొడుగు ఇంత వెడల్పు పరుపుకు ఎంత దూది పడుతుందో చెప్పేదాన్ని. అబ్బ ఆ లెక్కకు ఇంకొంచెం కలిపే నింపేవాడు గానీ, నాతో మాత్రం, "నువ్వు చెప్పినంతే పట్టింది బిడ్డా" అనేవాడు.

ఎనిమిదో తరగతిలో మాకు అబాకస్ వచ్చింది. అరచెయ్యికి కొంచెం పెద్దదైన చట్రం, అందులో తీగలు, తీగలకు పూసలు. పూసల కింద మెత్తటి గుడ్డ అంటించి ఉండేది కాబట్టి చెయ్యి తగిలినా అవి జారవు. పైన ఉన్న ఒక్క పూస ఐదు, కిందున్న నాలుగూ ఒక్కోటీ ఒకటి. అంతే.

"దీంట్ల కింద పడేటియి ఏం లెవ్వు," అన్నాడు సార్. ఆయన గొంతులో సంతోషంతో పాటు కొంచెం దిగులు కూడా ఉంది. ఆ వయసులో ఆయన కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది మరి. "నేను మీకన్న ఒక్క పాఠమే ముందున్న. తొందరపడి నన్ను దాటకుండ్రి."

రెండు నెలల్లో దాటేశాం. అరగంట లెక్క అరనిమిషానికి వచ్చింది. రేకు పలకలు బీరువా ఎక్కాయి.

పదో తరగతిలో మా బడి పిల్లలు చాలామంది లెక్కలు వదిలేసి వేరే సబ్జెక్టు రాసేవాళ్లు. నేను లెక్కలే రాస్తానన్నాను. పరీక్ష ఊళ్లోని ఇంకో హైస్కూల్లో పడింది. నేను చెబుతుంటే రాయడానికి తొమ్మిదో తరగతి అమ్మాయిని ఇచ్చారు. కూర్చుని అబాకస్ తీసి బల్ల మీద పెట్టానో లేదో, ఒక మేడం వచ్చి దాన్ని లాక్కుంది.

"ఇదేంది? క్యాలిక్యులేటర్లు తేవద్దని తెల్వదా?"

"మేడం, ఇది క్యాలిక్యులేటర్ కాదు. నా కాయితం, పెన్ను ఇదే."

"లెక్కలు చేసే మిషన్ అన్నప్పుడు ఏదైతే ఏంది? నాకు మాట వస్తది."

ఆమె తప్పేమీ లేదు. అట్లాంటి వస్తువును ఆమె అంతకుముందు చూసి ఉండదు. కానీ గంట కొట్టేశారు, పక్క బల్లల దగ్గర పెన్నుల చప్పుడు మొదలైంది, నా చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. నా పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయే లేచి వెళ్లి పెద్ద సార్‌ని పిలుచుకొచ్చింది. ఆయన అబాకస్‌ని తీసుకుని పూసలు జరిపి చూసినట్టున్నాడు, టక్ టక్‌మని చప్పుడైంది.

"సరే," అన్నాడు. "పదిహేడు పన్నెండ్లు ఎంతో దీన్ని అడుగు."

"అది చెప్పదు సార్. నేనే చెప్తా. రెండు వందల నాలుగు."

ఆయన నవ్వాడు. "మేడం, ఇయ్యుండ్రి. మిషన్ అయితే అదే చెప్పాలె గద." పోయిన సమయాన్ని కూడా చివర్లో కలిపి ఇప్పించాడు. ఆ పరీక్షలో నాకు గొప్ప మార్కులేం రాలేదు. పాసయ్యాను. మాకు అదే చాలా పెద్ద సంగతి.

ఇంటర్ తర్వాత టెలిఫోన్ ఆపరేటర్ శిక్షణ తీసుకున్నాను. అప్పట్లో చూపులేనివాళ్లకు దొరికే ఉద్యోగాల్లో అదే గౌరవమైనది. హన్మకొండలో ఒక సర్కారు ఆఫీసులో పోస్టింగ్ వచ్చింది. మా అక్క పెళ్లయి అత్తగారింటికి పోయింది, అబ్బ ఆ ముందటేడే చనిపోయాడు. అమ్మను తీసుకుని కాశిబుగ్గలో ఒక చిన్న ఇంట్లో అద్దెకు దిగాను.

ఆఫీసులో నా ముందు ఒక పెద్ద బోర్డు. బయటినుంచి ఫోన్ వస్తే ఆ లైను మీది చిన్న రేకు టప్పున కిందికి పడేది. వేలితో తడిమి ఏ లైనో తెలుసుకుని, మాట్లాడి, కావల్సిన గదికి కలిపేదాన్ని. ఆ ఆఫీసులో ఎన్ని గదులున్నాయో అన్ని నంబర్లూ నోటికి వచ్చేవి. ఎవరు ఏ పూట సీట్లో ఉంటారో, ఎవరు ఎవరి ఫోన్ వస్తే లేనని చెప్పమంటారో నాకు తెలుసు. గొంతు సవరించుకునే తీరును బట్టి మనిషిని చెప్పేదాన్ని. ఊళ్లనుంచి ఫోన్ చేసే రైతులు కూడా, "అమ్మా, మొన్న మాట్లాడింది నువ్వే గద" అని గుర్తుపట్టేవాళ్లు. పదేళ్లకు పైనే ఆ బోర్డు ముందు హాయిగా గడిచిపోయాయి.

ఒకరోజు ఒక ఇంజనీరు వచ్చాడు. రెండు రోజులు గోడలకు డ్రిల్లింగ్ చేశాడు. మూడో రోజు నా చెయ్యి పట్టుకుని గోడకున్న ఒక పెట్టె మీద పెట్టించాడు. టిఫిన్ క్యారియర్ అంత ఉంది. లోపల చిన్నగా ఏదో తిరుగుతున్న చప్పుడు.

"ఇంక ఎవరి ఫోన్ వాళ్లకే పోతది మేడం. ఇదే కలుపుతది. మీకు రెస్ట్," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

బోర్డును తీసుకెళ్లి స్టోర్ గదిలో పడేశారు. నేను కూర్చునే గది వేరేవాళ్లకు కావల్సి వచ్చి నా కుర్చీని వరండాలో, రికార్డు రూం తలుపు పక్కన వేశారు. పొద్దున వచ్చి సంతకం పెట్టి ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. సాయంత్రం లేచి ఇంటికి పోయేదాన్ని. వచ్చేపోయేవాళ్లు, "మంచిగున్నరా అమ్మా" అనేవాళ్లు. "ఆఁ, మంచిగున్న" అనేదాన్ని. మా సూపరింటెండెంట్ సార్ పెద్దాయన, నిజంగా మంచివాడు. ఒకసారి నా దగ్గర ఆగి, "ఫికర్ చెయ్యకు అమ్మా. కూసోని జీతం తీసుకో. నిన్నెవరేమంటరు?" అన్నాడు.

ఆ మాట విన్న రోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. ఎవరైనా ఏమైనా అంటే ఇంకా నయంగా ఉండేది. అమ్మ పక్కన కూర్చుని, "ఏమైంది బిడ్డా" అని అడిగితే, నాకు పని లేదని చెప్పడానికి సిగ్గేసింది. ఏడు నెలలు అట్లాగే గడిచాయి.

అప్పటికే మా లెక్కల సార్ రిటైరై స్టేషన్ ఘన్‌పూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. నా సంగతి ఎవరి ద్వారానో తెలిసి ఒక ఆదివారం రైలెక్కి మా ఇంటికి వచ్చాడు. కూర్చుని, మంచినీళ్లు తాగి, చొక్కా జేబులోంచి ఒక సీడీ తీసి నా చేతిలో పెట్టాడు.

"మన పాత పిల్లగాడొకడు హైదరాబాద్‌ల బ్యాంకుల చేస్తాండు. వాడు పంపిండు. కంప్యూటర్ల ఇది ఎక్కిస్తే తెర మీద ఉన్నదంత చదివి ఇనిపిస్తదట."

"మీరు విన్నరా సార్?"

"నా దగ్గర కంప్యూటర్ ఏడున్నది? నువ్వు ఇని నాకు చెప్పు."

మా గల్లీ చివర ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. నేత కుటుంబంలోని అమ్మాయి, నాకంటే పదేళ్లు చిన్నది, డిగ్రీ చదివి, వాళ్ల ఇంటి ముందు గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి పిల్లలకు నేర్పుతుండేది. మర్నాడు సీడీ పట్టుకుని వెళ్లాను. గదిలో అడుగు పెట్టగానే నా కర్ర కింద నేల ఒకచోట బోలుగా మోగింది. అక్కడ ఇంతకుముందు గుంట మగ్గం ఉండేదని, ఆ గుంట మీద చెక్కలు పరిచి పైన ప్లాస్టిక్ పట్టా వేశామని ఆ అమ్మాయి చెప్పింది. వెనక గదిలో వాళ్ల నాయిన ఇంకా జంపఖానాలు నేస్తున్నాడు. దడ్ దడ్‌మని చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నా సంగతి చెప్పాను.

"అక్కా, నేను ఇప్పటిదాంక 'ఇగో ఈడ చూడు, ఆడ నొక్కు' అనుకుంటనే నేర్పిన. మీకు ఎట్ల నేర్పాలె? నాకే తెల్వదు."

"నాకూ తెల్వదు. ఇద్దరం కల్సి నేర్చుకుందాం."

సీడీ ఎక్కించింది. రెండు నిమిషాలు గరగర. తర్వాత ఒక మగ గొంతు, ముక్కుతో, గుర్రం పరిగెత్తినట్టు ఇంగ్లీషు మాట్లాడింది. గదిలో ఉన్న పిల్లలంతా పకపకా నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆమెకూ కాలేదు. ఎక్కడో వెతికి దాని వేగం తగ్గించింది. అప్పుడు వినిపించింది: "స్టార్ట్ మెనూ." ఆ గొంతుకు ప్రాణం లేదు, పలుకు సరిగా లేదు. అయినా మధ్యలో మనిషి లేకుండా ఒక వస్తువు తనలో ఏముందో నాకు నేరుగా చెప్పడం అదే మొదటిసారి.

మొదటి వారం మాకిద్దరికీ నరకం. ఆమె మౌస్ పట్టుకుని చకచకా ఎక్కడికో వెళ్లేది, ఆ గొంతు సగంలో తెగిపోయేది. "ఎక్కడున్నం?" అని అడిగితే చూసి చెప్పేది. ఎనిమిదో రోజు ఆమే ఒక పని చేసింది. మౌస్ ఊడదీసి పక్కన పెట్టింది. తెర స్విచ్ ఆపేసింది.

"ఇప్పుడు నాకూ ఏం కనవడది అక్కా. చూద్దాం ఏమైతదో."

ఆ రోజు నుంచి మా క్లాసు అట్లాగే సాగింది. మీటలతోనే అన్నీ చెయ్యాలి. ఏ మీట కొడితే ఏమంటుందో విని, ఆమె ఒక నోటు పుస్తకంలో రాసేది, నేను బ్రెయిలీలో పొడుచుకునేదాన్ని. మధ్యమధ్య దారి తప్పేవాళ్లం. గొంతు ఏదేదో మాట్లాడేది, ఏ కిటికీలో ఉన్నామో తెలిసేది కాదు. ఆమెకు ఓపిక పోయేది.

"అక్కా, ఒక్కసారి తెర చూస్త. ఎక్కడున్నమో చూసి మళ్ల ఆపేస్త."

"వద్దు చెల్లే. నువ్వు చూస్తే తొవ్వ నీకు తెలుస్తది. నాకు తెల్వదు. జర ఆగి ఇను."

మళ్లీ వినేవాళ్లం. ఏదీ తోచకపోతే ఎస్కేప్ మీట కొట్టేవాళ్లం, అది మొదటికి తెచ్చి పడేసేది. దానికి మేం ఇంటి తొవ్వ అని పేరు పెట్టుకున్నాం.

ఒకరోజు నేను, "ఈ రెండు మీటల మీద ఏందో గీత తగులుతాంది" అన్నాను. ఆమె నా వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టి తడిమింది. ఎఫ్, జె. చూపుడు వేళ్లు ఎక్కడ ఉండాలో తెలియడానికి కంపెనీవాళ్లే పెట్టిన గుర్తులవి. "మూడేండ్ల సంది నేర్పుతాన్న అక్కా, నేనెన్నడు చూడలే!" అని తన నెత్తి తానే కొట్టుకుంది.

మగ్గం చప్పుడులో నాకు ఆ గొంతు సరిగా వినిపించదని వాళ్ల నాయినకు ఎవరు చెప్పారో తెలియదు. నేను రాగానే మగ్గం ఆపి, బీడీ ముట్టించుకుని వాకిట్లోకి వెళ్లిపోయేవాడు. నా గంట అయిపోయాక తిరిగి వచ్చి కూర్చునేవాడు. అడ్డం పడుతున్నానేమోనని ఒకసారి మొహమాటపడితే, "ఏం గాదమ్మా, నాకూ నడుం నొస్తాంది" అన్నాడు.

ఐదారు నెలలకు నేను ఇంగ్లీషులో ఉత్తరం టైపు చేసి, దాన్ని వినుకుని, తప్పులు దిద్దుకునే దాకా వచ్చాను. ఆఫీసులో చెబితే సూపరింటెండెంట్ సార్ ఇబ్బంది పడ్డాడు. "ఏదన్న ఎక్కువ తక్కువైతే ఎట్లమ్మా. ఫైళ్లు పోతే నాకు మెడకు చుట్టుకుంటది." కాదనలేదు, అవుననలేదు. ఇంకో రెండు నెలలు వరండాలోనే ఉన్నాను.

తర్వాత కొత్త ఆఫీసరు వచ్చింది. ఆమె చెప్పులు పెద్ద చప్పుడు లేకుండా వేగంగా నడిచేవి. మూడో రోజో నాలుగో రోజో ఆ నడక నా ముందు ఆగింది.

"మీరు ఏం పని చేస్తారు?"

"ఏం పని లేదు మేడం," అన్నాను. అన్ని రోజులుగా మింగిన మాట అది. బయటికి అనేశాక భయం పోయింది. "కానీ నాకు కంప్యూటర్ వచ్చు."

"రేపు చూపించండి," అని వెళ్లిపోయింది.

మర్నాడు నాకు కంప్యూటర్ నేర్పిన చెల్లి తన సెంటర్‌కు సెలవు పెట్టి సీడీ తీసుకుని నాతో వచ్చింది. ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించింది. చుట్టూ జనం పోగయ్యారని ఊపిరి చప్పుళ్ల వల్ల తెలుస్తోంది. ఆఫీసరు మేడం ఒక ఉత్తరం చెప్పింది, నేను టైపు చేశాను. ఒకసారి మొత్తం విన్నాను. రెండు తప్పులు దిద్దాను. ప్రింట్ కొట్టాను. ప్రింటర్ గీరుకుంటూ కాగితాన్ని బయటికి నెట్టింది. మేడం తీసుకుంది.

కాగితాన్ని అటూ ఇటూ తిప్పిన చప్పుడైంది.

"ఇందులో ఏమీ లేదమ్మా," అంది మేడం మెల్లగా.

ఎవరో వెనకనుంచి "పాపం" అన్నారు. నేను విన్నాను కదా, ప్రతి అక్షరం విన్నాను కదా అనుకుంటున్నాను. అంతలో చెల్లి ముందుకు వచ్చి ప్రింటర్ మూత తీసిన చప్పుడు. "మేడం, దీంట్ల సిరా లేదు! ఎన్నడు అయిపోయిందో ఏమో!" గుమాస్తా ఒకాయన నసిగాడు, అవును, మొన్నటినుంచి అట్లాగే ఉంది, చెబుదామనుకున్నాను అని. అందరూ నవ్వారు. నవ్వనిది నేనొక్కదాన్నే. కొత్త సిరా డబ్బా వేసి మళ్లీ ప్రింట్ కొట్టారు. మేడం చదివింది. చివరిదాకా చదివి, సంతకం గీసిన చప్పుడు వినిపించింది.

"ఇది ఇవాళే పంపించండి," అంది, గుమాస్తాతో. తర్వాత నాతో, "రేపటినుంచి వరండాలో కూర్చోకండి."

అట్లా మళ్లీ నాకొక బల్ల దొరికింది. ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నావే. తెలుగు మాత్రం ఏళ్ల తరబడి అందలేదు. అప్పట్లో ఆఫీసుల్లో వాడే తెలుగు అక్షరాలు తెరమీద తెలుగులా కనిపించేవట, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తులేనట. మా గొంతు వాటిని "డాలర్, బ్రాకెట్, కామా, పెద్ద క్యూ" అని చదివేది. నా సొంత భాషలో ఉత్తరం వస్తే నేను పక్క సీటువాళ్లను బతిమాలాల్సి వచ్చేది.

ఆ తర్వాత అన్ని కంప్యూటర్లకూ ఒకే తీరు తెలుగు అక్షరాలు వచ్చాయి. వాటిని చదివే తెలుగు గొంతు కూడా వచ్చింది. ముందు తెలిసింది చెల్లికే. మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, జల్ది రా, అమ్మను గుడ తీస్కరా" అంది. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లాను. చెల్లి ఒక మీట కొట్టింది. రేకుడబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతు, అక్షరం అక్షరం నొక్కి, "నమస్కారం. వర్ధన్నపేట మండలం" అని చదివింది.

అమ్మ ఉలిక్కిపడింది. "ఎవ్వలు బిడ్డా అది? జలుబు చేసిందా ఏంది?"

చెల్లి నవ్వు ఆపుకోలేకపోయింది. నేను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. మళ్లీ మళ్లీ చదివించాను. ఒత్తులు మింగేస్తుంది, వాక్యం ఎక్కడ ఆపాలో దానికి తెలియదు, అయినా అది తెలుగే. ఆ సాయంత్రమే సార్‌కి ఫోన్ చేసి స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టి వినిపించాను. ఆయన పూర్తిగా విన్నాడు. "మన పదో క్లాసు పిల్లలకన్న మంచిగనే చదువుతాంది," అన్నాడు. ఆ మరుసటి సంవత్సరం ఆయన పోయాడు. వినగలిగాడని నాకు తృప్తి.

తర్వాత నన్ను దరఖాస్తుల సెక్షన్‌లో వేశారు. ఊళ్లనుంచి వచ్చినవాళ్లు కాగితం నంబరు చెబితే, అది ఏ బల్ల దగ్గర ఆగిందో వెతికి చెప్పడం నా పని. ఒక చెవికి హెడ్‌ఫోన్, ఇంకో చెవి మనుషులకు. ఒకసారి ఒక ముసలమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది. ఏం కావాలని అడిగితే, "నీకే కనవడదు గద బిడ్డా, నాదేం చూస్తవు" అంది. "నాకు ఇనవడతది అవ్వా, నంబర్ చెప్పు" అన్నాను. ఆమె కాగితం పై అంతస్తులో ఒకరి దగ్గర ఇరవై రోజులుగా ఉంది. ఆ సీటుకు ఫోన్ చేసి, ఆమెను నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను. గంటలో పని అయింది. పోతూ పోతూ కొంగుముడి విప్పి నా చేతిలో రెండు జామకాయలు పెట్టింది.

రిటైరయ్యే వారంలో నా సీటుకు వచ్చిన కొత్తతనికి పని అప్పజెప్పాను. అతను కూర్చుని తెర స్విచ్ వేశాడు. వెలగలేదు. తీగలు పీకి పెట్టాడు, తట్టాడు. వెలగలేదు. "మేడం, ఇది ఎప్పట్నుంచి పాడైంది?" అని అడిగాడు. నాకేం తెలుసు? నేను దాన్ని ఎప్పుడూ వేసుకోలేదు. ఆఫీసంతా గొల్లుమంది. ఎన్నేళ్లుగా చచ్చిన తెర ముందు కూర్చుని పని చేశానో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

అమ్మ పోయి మూడేళ్లయింది. నేను కాశిబుగ్గలోనే ఉన్నాను. చెల్లి సెంటర్లో ఇప్పుడు కంప్యూటర్ నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదు. ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్స్‌లు, ఫోటోలు. అందులోనే బతుకు నడుస్తోంది. ఇద్దరం సాయంత్రం చాయ్ తాగుతాం. ఇది రాస్తున్నది ల్యాప్‌టాప్ మీద. గొంతు వేగం బాగా పెంచుకున్నాను. పక్కింటివాళ్లకు అది తేనెటీగల రొదలా ఉంటుందట.

గురువారాలు నేను చదివిన బడికి వెళ్లి పిల్లలకు లెక్కలు చెబుతాను. అందరి దగ్గరా ఫోన్లున్నాయి. ఏ లెక్క అడిగినా ఫోనే చెబుతుంది. ఈమధ్య అబాకస్ తీస్తే, రోజూ ఇంటినుంచి వచ్చిపోయే ఏడో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: "ఇదెందుకు మేడం? ఫోన్ చెప్తది గద."

ఫోన్ చెడిపోతే అని చెప్పవచ్చు, కానీ అది అంత నిజమైన కారణం కాదు. "ఒక వారం ఇంటికి తీస్కపో. నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్," అన్నాను.

వారం తర్వాత అబాకస్‌తో వచ్చింది. "పెద్దగ నచ్చలే మేడం," అంది నిజాయితీగా. "కానీ మా తమ్ముడు ఇయ్యమని ఏడుస్తాండు. వానికి కండ్లు మంచిగనే ఉన్నయ్. ఇంకో వారం ఉంచుకోవచ్చా?"

ఉంచుకోమన్నాను. ఇంకా తిరిగి రాలేదు.